పంజ పండ్లు

పదకొండు నెల్ల సంది
శుక్రారం శుక్రారం ఒక జాబు రాస్తున్న.
జాబుకొక్క మాట.
ఆసు. కండె. నాడె. పడుగు తెగితే వేసే ముడి పేరు.
సొసైటీల జంపఖానాల లెక్కలు రాసిన చెయ్యి ఇది,
సొసైటీకి తాళం పడ్డంక
ఊకె ఉండలేక ఫోన్ల రాసుడు నేర్సింది.

నలభై ఒక్కమంది చదువుతరు.
అండ్ల పన్నెండు మంది మా చుట్టాలు.
ఒకాయన షోలాపురంల ఉంటడు,
తెలుగు మర్సిపోతున్న అని జాబు జాబుకు ఏడుస్తడు.

కొత్తోళ్ళు ఎట్ల వస్తరో చూద్దామని
ఒకనాడు నేనే ఎతికిన.
పంజ అని కొట్టిన.
పులి పంజా వచ్చింది. సినిమా పోస్టర్ వచ్చింది.
పీర్ల పంజా సుత వచ్చింది.
పోగును దిగ్గొట్టే ఇనుప పండ్ల పంజ రాలే.
జంపఖాన అని కొడితే
మీరు అడిగింది జాంపండేనా అన్నది.
కాదు బిడ్డా, అన్న ఫోన్‌తోని.

పక్కింటి బైరి నిహారికకు చూపెడితే చెప్పింది:
"పెద్దమ్మా, ఎతికే కంపెనీలకు పురుగులుంటయ్.
ఇంటింటికి పాకి, ఏ ఇంట్ల ఏమున్నదో
చూసి రాసుకపోతయ్.
వాటిని సాలెపురుగులే అంటరు."

నాకు నవ్వొచ్చింది.
సాలోళ్ళ వాడకు
సాలెపురుగుకు తొవ్వ దొరకలేదా!
మా తాత గుంట మగ్గం మూలకు
ఏటేటా గూడు కట్టేది.
నాయినమ్మ దులపనియ్యకపోయేది,
అది మనోళ్ళదే, దాని నేత దాన్ని నెయ్యనీ అని.

నిహారిక సెట్టింగులు తీసి
లోపట్కి పోయి, ఇంకింత లోపట్కి పోయి
ఆగి నా దిక్కు చూసింది.
ఎతికేటోళ్ళకు కనపడొద్దు అన్న డబ్బల
టిక్కు పెట్టి ఉన్నది.
పెట్టింది నేనే.
మొదటి వారం, తప్పులు పోతయని,
మా మరిది చూస్తె నవ్వుతడని.
లోపల్నుంచి గొళ్ళెం పెట్టుకొని
ఎవలూ వస్తలేరు, ఎవలూ వస్తలేరని
పదకొండు నెల్లు అర్రల కూసున్న.

టిక్కు తీసినం. జాబుల పట్టీ అంతా పంపినం.
పది రోజులకు జవాబు:
"కనుగొన్నాం. ఇంకా చేర్చలేదు."

ఈ మాట నాకు కొత్తది గాదు.
మగ్గాలకు నంబర్లేసేటోళ్ళు కొత్తవాడకు వచ్చిన్నాడు
మా గుంటల వాన నీళ్ళు నిలిచి ఉన్నయ్.
మగ్గం ఉన్నదన్నరు. నడుస్తలేదన్నరు.
చూసిన్రు, రాసుకోలే.
నీళ్ళు తోడి మళ్ళ పడుగెక్కిచ్చేటాల్లకు
జీపు కరీమాబాద్ దాటింది.

ఎదురుచూసుడు వచ్చిన విద్యే గద.
పోగు ఎనక పోగు.
ఎనుమాముల యార్డుకు మిరప బస్తాలు దిగే నెల,
దారిపొంటి తుమ్ములే తుమ్ములు, అప్పుడు
లెక్కల పేజీల సన్నటి గీత ఒకటి లేచింది.
ఎతికి వచ్చినోళ్ళు: ఒకరు.
ఏం అడిగిన్రో కింద రాసున్నది:
పంజ పండ్లు ఇరిగితే ఎవరు అతుకుతరు

ఆ మనిషి ఏ ఊరో తెల్వదు.
రాత్రి రెండు గంటలకు అడిగిండు,
లేకపోతె అడిగింది,
పండ్లిరిగిన పంజ ఒళ్ళె పెట్టుకొని.
నా జాబుల పంజ పుట్టుక ఉన్నది,
పంజ మీద సామెత ఉన్నది, మా తాత యాది ఉన్నది.
అతికేటోని పేరు లేదు.
తొమ్మిది సెకన్లు ఉండి ఎల్లిపోయిన్రు.

సిగ్గయింది.
మొదటి వారం సిగ్గు గాదు, వేరే సిగ్గు.

ఈ శుక్రారం జాబుల మాట లేదు.
రంగశాయిపేట, గవిచర్ల రోడ్డు,
ట్రాక్టర్ల షెడ్డు ఎనక, వెల్డింగ్ యాకయ్య.
పంటికి ఇరవై రూపాయలు.
పొద్దుగాల్నే పోవాలె,
పగటీలి కరెంటు ఉండదు.